చిన్న తాతయ్య 1942లో మిలట్రీకి వెళ్ళి తిరిగి రాలేదు. ఎక్కడ పోయారో, సమాధి ఉందో లేదో ఎలా కనుక్కోవాలి?

గోదారి_మనవడు:
అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా తాతయ్య తమ్ముడు, అంటే మాకు చిన్న తాతయ్య, 1942లో మిలట్రీలో చేరారు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. అప్పటికి ఆయనకు ఇరవై నిండలేదు, పెళ్ళి కాలేదు. ఒక్కసారి సెలవు మీద వచ్చి వెళ్ళారట. తర్వాత మనిషీ లేడు, ఉత్తరమూ లేదు. "రంగంలో పోయాడు" అని ఇంట్లో అంటారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

మా తాతమ్మ, అంటే ఆయన తల్లి, అది నమ్మలేదు. యుద్ధం అయిపోయాక కూడా నెలనెలా ఆవిడ పేరున కొంత డబ్బు వచ్చేది. అది కొడుకు పంపుతున్న జీతమే అనుకుంది. పండగ రోజున ఒక విస్తరి ఎక్కువ వేసేది. బతికి ఉన్నన్నాళ్ళూ కర్మ చెయ్యనివ్వలేదు. ఆవిడ పోయాక, తిథి తెలియదు కాబట్టి, మా తాతయ్య మహాలయ అమావాస్య నాడు తమ్ముడి పేరు కూడా చెప్పి నువ్వులు నీళ్ళు వదిలేవారు. ఇప్పుడు మా నాన్న వదులుతున్నారు.

ఆ తరంలో ఆయన చెల్లెలు ఒక్కరే మిగిలారు. మేం చిన్న మామ్మ అంటాం. 91 ఏళ్ళు. మొన్న సంక్రాంతికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని "మా అన్నని ఎక్కడ పెట్టారో కనుక్కో నాయనా" అన్నారు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా దగ్గర ఉన్నవి రెండే. యూనిఫాంలో దిగిన ఫోటో ఒకటి, ఒక మెడల్. ఆయన పేరు ఇక్కడ పెట్టవద్దన్నారు ఇంట్లో, క్షమించండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకాగితాలు:
పేరు చెప్పనక్కర్లేదండీ, పని జరుగుతుంది.

ముందు ఒక మాట. "రంగంలో పోయాడు" అన్నదాన్ని యుద్ధరంగం అని అర్థం చేసుకున్నారేమో. మన గోదావరి జిల్లాల్లో, విశాఖ వైపు పాతకాలం వాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. "రంగం వెళ్ళి సంపాదించాడు" అంటే బర్మా వెళ్ళాడని. అందుకని మీ ఇంటి మాటలోనే ఊరి పేరు ఉండి ఉండొచ్చు. చిన్న మామ్మగారిని ఒకసారి అడగండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఆ మాట ఏ అర్థంలో అనేవారో.

రెండోది కొంచెం కష్టమైన మాట. మీరు సమాధి వెతుకుతున్నారు. హిందువులైతే చాలావరకు సమాధి ఉండదు. వీలున్న చోట మన ఆచారం ప్రకారం దహనం చేసేవారు. అలా దహనం చేసినవాళ్ళ పేర్లు క్రిమేషన్ మెమోరియల్ అనే కట్టడాల మీద ఉంటాయి. కోహిమాలో ఒకటి ఉంది, 917 మంది హిందూ, సిక్కు సైనికులు. ఇంఫాల్‌లో 868 మంది. సింగపూర్‌లోనూ, బర్మాలో టౌక్యాన్‌లోనూ ఉన్నాయి. అసలు దేహమే దొరకనివాళ్ళ పేర్లు వేరే కట్టడాల మీద ఉంటాయి. టౌక్యాన్‌లోనే ఉన్న రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27 వేల పేర్లు. అందుకని మీరు వెతకాల్సింది గొయ్యిని కాదు, పేరుని.

ఆ పేర్లన్నీ చూసుకునే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధానికి వాళ్ళు లెక్కలోకి తీసుకునేది 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు. వాళ్ళ వెబ్‌సైట్‌లో వెతకడానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

మాజీ_హవల్దార్:
బాబూ, నేను ఇరవై రెండేళ్ళు సర్వీసు చేసి వచ్చినవాణ్ణి. మీ తాతమ్మగారికి వచ్చిన డబ్బు జీతం కాదు. మనిషి పోయాక జీతం ఆగిపోతుంది. అది కుటుంబ పింఛను అయ్యుంటుంది. అంటే ఆయన మరణం కాగితం మీద ఎక్కింది, తల్లి పేరు వారసురాలిగా రాసి ఉంది. ఎక్కడో ఒక రిజిస్టర్‌లో ఆయన ఉన్నారు. ధైర్యంగా ఉండండి.

ఇప్పుడు ఆ మెడల్ సంగతి. గుండ్రంగా ఉందా, నక్షత్రంలా ఉందా? గుండ్రంగా ఉంటే అంచు చూడండి. ముఖం కాదు, వెనక కాదు, అంచు. మనవాళ్ళకి ఇచ్చిన మెడల్స్ అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం పేరు పొట్టి అక్షరాల్లో కొట్టి ఇచ్చారు. నక్షత్రమైతే వెనక వైపు ఉంటుంది.

చింతపండు పెట్టి తోమారా? తోమకండి.

గోదారి_మనవడు:
హవల్దార్ గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. అమ్మ ముఖం పాలిపోయింది. ప్రతి దీపావళికీ దేవుడి సామానుతో పాటు దాన్నీ చింతపండు వేసి తోముతోందట, ముప్పై ఏళ్ళుగా. "మా అత్తగారు తోమేవారు, నేనూ తోమాను" అంది పాపం.

గుండ్రంగానే ఉంది. ఒకవైపు రాజు తల, రెండోవైపు ఏదో జంతువు మీద నిలబడ్డ సింహం. అంచు మీద ఏదో ఉన్నట్టే ఉంది గానీ చదవలేకపోతున్నాను. మొదట్లో ఒక అక్షరం, మధ్యలో 7 లాంటిది.

పాతకాగితాలు:
అది వార్ మెడల్. ఆరో జార్జి తల, రెండోవైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం. అమ్మగారిని బాధపడవద్దనండి. ప్రతి ఇంట్లో జరిగేదే. పూజలో పెట్టుకున్నారు కాబట్టే అది ఇన్నాళ్ళు మిగిలింది.

ఇలా చెయ్యండి. పల్చటి కాగితం, పిల్లలు డ్రాయింగ్‌కి వాడే ట్రేసింగ్ పేపర్ అయితే ఇంకా మంచిది, సన్నగా రిబ్బనులా కత్తిరించండి. మెడల్ అంచు చుట్టూ బిగించి మెత్తటి పెన్సిల్ని అడ్డంగా పట్టుకుని తేలిగ్గా రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దేవాళ్ళం చూడండి, అదే పద్ధతి. అక్షరం లోతు తగ్గినా గుంట ఉంటుంది, కాగితం మీద తెల్లగా లేస్తుంది. సాయంత్రం పక్క నుంచి టార్చి వేసి ఫోటో కూడా తియ్యండి. ఏటవాలు వెలుగులో నీడలు పడి అక్షరాలు కనిపిస్తాయి.

విజయనగరం_కుర్రాడు:
అన్నా, ఈలోపు ఒక అనుమానం. సింగపూర్‌లో పట్టుబడి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరిపోయి ఉండొచ్చు కదా? మా ఊళ్ళో ఒకాయన గురించి అలాగే చెప్తారు.

పాతకాగితాలు:
మంచి ప్రశ్న తమ్ముడూ, కానీ తేదీ చూడు. సింగపూర్ లొంగిపోయింది 1942 ఫిబ్రవరి 15న. ఆయన 1942లో చేరారు, ట్రైనింగ్ అయ్యాక సెలవు మీద ఇంటికి కూడా వచ్చారు. సింగపూర్ కుదరదు. 1943, 44, 45లో జరిగిన బర్మా యుద్ధమే ఎక్కువ కుదురుతుంది. లేదా ఇటలీ.

కృష్ణలంక_అక్క:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నాది ఇంకా పాత కథ. మా ముత్తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా వెళ్ళి అక్కడే పోయారు. ఇప్పటి ఇరాక్. బస్రా మెమోరియల్ అని ఉంది, 40 వేల పైచిలుకు మందికి కట్టింది. అక్కడ తెల్ల సైనికుల పేర్లన్నీ చెక్కారు. మనవాళ్ళలో ఆఫీసర్ల పేర్లు మాత్రమే చెక్కి, మామూలు సిపాయిలకు మాత్రం ఫలానా దళంలో ఇంతమంది అని అంకె వేశారు. మా ముత్తాత అక్కడ ఒక అంకెలో ఒకటి.

2021 ఏప్రిల్‌లో ఆ కమిషన్ తనే ఒక నివేదిక విడుదల చేసి, ఇండియా, ఆఫ్రికా సైనికులకి సమానంగా చెయ్యలేదని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాతి మీద లేకపోయినా ఆయన పేరు వాళ్ళ రికార్డులో ఉంది. తండ్రి పేరు, ఊరు కూడా ఉన్నాయి. ప్రింటు తీసి ఫ్రేమ్ కట్టించాను. మీ చిన్న తాతయ్య రెండో యుద్ధం మనిషి కాబట్టి పేరు చెక్కే ఉంటారు. ఆశ వదలకండి.

గోదారి_మనవడు:
అక్కా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

ఒక సంగతి. చిన్న మామ్మని "రంగం" గురించి అడిగాను. వెంటనే "రంగం అంటే రంగమేరా, ఓడెక్కి వెళ్ళే రంగం" అన్నారు. ఇన్నేళ్ళూ మేమంతా యుద్ధం అనుకున్నాం!

కాగితం రుద్దాను. మూడుసార్లు చిరిగింది. నాలుగోసారి మా అమ్మాయి రుద్దింది, దాని చెయ్యి తేలిక. ఎం.టి. అని రెండు అక్షరాలు, తర్వాత ఆరంకెలు. వాటిలో ఒకటి 1 అవ్వచ్చు, 7 అవ్వచ్చు. తర్వాత డి.వి.ఆర్. అని ఉంది. పేరులో సగం కనిపిస్తోంది. చివర ఆర్.ఐ.ఎ.ఎస్.సి.

మాజీ_హవల్దార్:
శభాష్! డి.వి.ఆర్. అంటే డ్రైవర్. ఎం.టి. మోటార్ ట్రాన్స్‌పోర్టు. చివరిది రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. ఇప్పటి ఆర్మీ సర్వీస్ కోర్ అదే. బియ్యం, పెట్రోలు, మందుగుండు, గాయపడ్డవాళ్ళు, అన్నీ మోసింది వీళ్ళే. బర్మా కొండల్లో ఆ లారీ తోలడం అంటే మాటలు కాదు. మీ తాతయ్య తుపాకీ పట్టిన సిపాయి కాదని చిన్నబుచ్చుకోవద్దు.

విజయనగరం_కుర్రాడు:
అన్నా దొరికింది!! మీరు మెసేజ్‌లో చెప్పిన పేరుతో వెతికాను. సింగపూర్ క్రాంజీలో ఉన్నారు. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని కూడా ఉంది.

పాతకాగితాలు:
ఆగండి, ఆగండి. చిన్న మామ్మగారికి ఇంకా చెప్పకండి.

తమ్ముడూ, ఆ ఎంట్రీలో తండ్రి పేరు చూశావా? వేరే. జిల్లా కూడా వేరే. నీ ఉత్సాహం నాకు తెలుసు, నేనూ ఇదే తప్పు చేశాను. మా మేనమామ అనుకుని ఇంకెవరి పేరో మా వాళ్ళకి చూపించాను. ఏడాది పాటు ఆ ఫోటోకి దండ వేశారు. తర్వాత తప్పని చెప్పాల్సి వచ్చినప్పుడు నా నోరు పెగల్లేదు. మన పేర్లు ఒకటే పేరు వందమందికి ఉంటుంది. తండ్రి పేరు, ఊరు, నంబరు, ఈ మూడింట్లో రెండు కలిస్తే తప్ప ఇంట్లో చెప్పకూడదని అప్పటి నుంచి పెట్టుకున్నాను.

మనవడు గారూ, మీరు ఇంటిపేరుతో కలిపి వెతుకుతున్నట్టున్నారు. ఇంటిపేరు తీసెయ్యండి. ఆ రోజుల్లో రాసుకున్న గుమాస్తాకి మన ఇంటిపేరు పద్ధతి తెలియదు, చాలా చోట్ల వదిలేశాడు. అసలు పేరుని సర్‌నేమ్ అన్న గడిలో పెట్టండి. స్పెల్లింగ్ కూడా చెవికి వినపడ్డట్టు రాశారు. అప్పలస్వామి అప్పలసామి అవుతాడు, లక్ష్మయ్య లచ్చయ్య అవుతాడు, నరసింహులు నర్సిములు అవుతాడు. అన్నిటికంటే మేలు, పేరు ఖాళీగా వదిలేసి నంబరు ఒక్కటే పెట్టి వెతకండి. 1తో ఒకసారి, 7తో ఒకసారి.

ఇంకో మాట, జిల్లా పేర్లు అప్పటివే ఉంటాయి. 2022లో మన జిల్లాలు మారాయి గానీ వాళ్ళ రికార్డులో పాత జిల్లాలే. తణుకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ వెస్ట్ గోదావరే. విశాఖ విజగపటం, కృష్ణ కిస్ట్నా.

గోదారి_మనవడు:
7తో దొరికారు.

చేతులు వణుకుతున్నాయి, టైపు చెయ్యలేకపోతున్నాను. తండ్రి పేరు సరిగ్గా మా ముత్తాత పేరే. ఊరి పేరు ఒక అక్షరం తేడాతో ఉంది, పక్కన తణుకు, వెస్ట్ గోదావరి. ఇంటిపేరు లేదు. చనిపోయిన తేదీ 1945 మార్చి 28. టౌక్యాన్ క్రిమేషన్ మెమోరియల్.

రంగమే. చిన్న మామ్మ చెప్పింది నిజమే.

పాతకాగితాలు:
మనసారా సంతోషం. మూడూ కలిశాయి. ఇక ఆయనే.

ఆ తేదీ చూస్తే నాకు మెయిక్తిలా గుర్తొస్తోంది. మధ్య బర్మాలో రోడ్లు, రైళ్ళు, విమానాశ్రయం అన్నీ కలిసే చోటు. 1945 మార్చి మొదట్లో 17వ ఇండియన్ డివిజన్ ఆ ఊరిని పట్టుకుంది. జపాన్ సైన్యం చుట్టుముట్టి నెలాఖరు దాకా తిరిగి పట్టుకోవాలని చూసింది. ఆయన కచ్చితంగా అక్కడే పోయారని మాత్రం ఈ కాగితం బట్టి చెప్పకూడదు.

టౌక్యాన్ యుద్ధం జరిగిన చోటు కాదు. యాంగాన్‌కి, అంటే అప్పటి రంగూన్‌కి, ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్లు. యుద్ధం అయ్యాక మెయిక్తిలా, మాండలే, అక్యాబ్, సహ్మా అన్న నాలుగు చోట్ల ఉన్న శ్మశానాలకు వెళ్ళిరావడం కష్టమని అక్కడి సమాధులన్నీ ఇక్కడికి తెచ్చారు. దహనం చేసినవాళ్ళకు తేవడానికి ఏమీ ఉండదు కదా, పేర్లు తెచ్చారు. "ఎక్కడ పెట్టారు" అని మామ్మగారు అడిగితే ఇలా చెప్పండి: ఎక్కడో బర్మా నేల మీద మన పద్ధతిలోనే దహనం చేశారు, పేరు రంగం దగ్గర ఉంది.

తిథివారం:
నేను ఎక్కువ రాయను. 1945 మార్చి 28 బుధవారం. అధిక చైత్ర శుద్ధ పౌర్ణమి. తిథి దొరికింది కాబట్టి ఇకపై మీ నాన్నగారు ఆబ్దికం చైత్ర పున్నమికి పెట్టుకోవచ్చు. మహాలయంలో కూడా మానక్కర్లేదు. ఒకసారి మీ పురోహితుల్ని కూడా అడగండి.

గోదారి_మనవడు:
శర్మగారో కాదో తెలియదు గానీ మీకు పాదాభివందనం. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత "80 ఏళ్ళు అన్నమాట" అన్నారు.

మాజీ_హవల్దార్:
ఇక్కడితో ఆగొద్దు. బెంగళూరులో ఆర్మీ సర్వీస్ కోర్ రికార్డ్స్ ఉంది. వాళ్ళకి ఉత్తరం రాయండి. నంబరు, హోదా, పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ రాసి, మీ బంధుత్వం చూపించే కాగితం జతచెయ్యండి. అడగాల్సింది షీట్ రోల్. సిపాయి చేరిన రోజున రాసే కాగితం అది. ఎత్తు, ఛాతీ, గుర్తింపు మచ్చలు, వారసుల పేర్లు ఉంటాయి. పాతవి చాలా లేకుండా పోయాయి, ముందే చెప్తున్నాను. ఉంటే మన అదృష్టం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే ఉత్తరానికి ఒక బలం ఉంటుంది.

ఎవరైనా "మేం తెప్పిస్తాం, ఇంత ఇవ్వండి" అని ఫోన్ చేస్తే ఇవ్వకండి. మా ఊళ్ళో ఒక ముసలావిడ దగ్గర అలా పదివేలు తీసుకుని మళ్ళీ కనపడలేదు.

గోదారి_మనవడు (ఐదు నెలల తర్వాత):
అందరికీ మళ్ళీ నమస్కారం. జవాబు వచ్చింది. ఒక్కటే పేజీ, టైపు చేసిన నకలు.

1942లో రాజమండ్రిలో చేరారు. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. వారసురాలు తల్లి. మరణ కారణం జబ్బు, ఫీల్డ్ ఆసుపత్రిలో. గుర్తింపు: ఎడమ కనుబొమ మీద మచ్చ.

ఆ మచ్చ సంగతి చదవగానే చిన్న మామ్మ రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆవిడ ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు జామచెట్టు మీద నుంచి కాయ కోసి పడేస్తానని ఎక్కి, కొమ్మ విరిగి పడ్డారట. రక్తం కారుతున్నా కాయ మాత్రం చేతిలో పట్టుకుని "ఇంద" అన్నారట. ఇంట్లో మా నాన్నకి కూడా ఈ సంగతి తెలియదు. ఎనిమిది దశాబ్దాలు ఆవిడ ఒక్కరి దగ్గరే ఉంది. బెంగళూరులో ఒక కాగితం మీద కూడా ఉంది.

మా బాబాయికి మాత్రం "జబ్బుతో" అన్నది కొంచెం రుచించలేదు. యుద్ధంలో పోయాడని చెప్పుకుంటూ వచ్చాం కదా అంటున్నారు.

మాజీ_హవల్దార్:
మీ బాబాయిగారికి ఈ లెక్క చూపించండి. 1943లో బర్మా సరిహద్దులో గాయంతో వెనక్కి పంపిన ఒక్కొక్కడికి జబ్బుతో పంపినవాళ్ళు 120 మంది. మలేరియా, విరేచనాలు, పురుగు కాటు వల్ల వచ్చే టైఫస్. తర్వాత మందులు, క్రమశిక్షణతో చాలా తగ్గించారు గానీ పూర్తిగా పోలేదు. బుల్లెట్ తగిలినవాడూ జ్వరం తగిలినవాడూ ఒకే రోడ్డు మీద ఉన్నారు. రాతి మీద ఇద్దరి పేరూ ఒకటే సైజు.

పాతకాగితాలు:
ఒక పాత ప్రశ్నకి కూడా జవాబు దొరికింది. ఆసుపత్రిలో పోయారు కాబట్టే తేదీ కచ్చితంగా ఉంది, దహనం జరిగింది, క్రిమేషన్ మెమోరియల్ మీద పేరు ఉంది. అడవిలో ఎక్కడో తప్పిపోయి ఉంటే రంగూన్ మెమోరియల్ మీదకి వెళ్ళేది. పక్కన మనుషులు ఉండగా పోయారు. మామ్మగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఓడ_ఇంజనీరు:
నేను ఎప్పుడూ రాయను, చదువుతుంటాను. మాది కాకినాడ. మా ఓడ వచ్చే నెల యాంగాన్ రేవులో ఆగుతుంది. దిగడానికి అనుమతి దొరికితే వెళ్ళి చూసి వస్తాను. నంబరు, పేరు మెసేజ్ చెయ్యండి.

ఓడ_ఇంజనీరు (ఆరు వారాల తర్వాత):
వెళ్ళాను. టాక్సీలో ప్యే రోడ్డు మీద. ఇంత శుభ్రంగా ఉంటుందని అనుకోలేదు. గడ్డి కార్పెట్‌లా కత్తిరించి ఉంది, సమాధి రాళ్ళ మధ్య పూలమొక్కలు. మధ్యలో గుండ్రటి మంటపం, రెండు పక్కలా పొడుగ్గా స్తంభాలు, ప్రతి స్తంభం నిండా పేర్లు. అది రంగూన్ మెమోరియల్. ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖి, ఐదు భాషల్లో రాసి ఉంది. తెలుగు లేదు. కానీ పేర్లు చదువుతూ నడుస్తుంటే అప్పన్నలు, రాములు, సత్యాలు తగులుతూనే ఉన్నారు. ఎండలో నిలబడి వాళ్ళ పేర్లు పైకి చదివాను.

క్రిమేషన్ మెమోరియల్ దగ్గర మీ తాతయ్య పేరు వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఫోటోలు మీకు విడిగా పంపాను. ఓడలో దొరికిన కొబ్బరికాయ ఒకటి పట్టుకెళ్ళాను. అక్కడ కొట్టొచ్చో లేదో తెలియక కొట్టలేదు. పక్కన పెట్టి దణ్ణం పెట్టి వచ్చాను.

గోదారి_మనవడు:
అన్నా, మీ రుణం ఎలా తీర్చుకోవాలి.

ఫోటో పెద్దది చేయించి పట్టుకెళ్ళాను. చిన్న మామ్మకి ఇంగ్లీషు రాదు. నేను చూపిస్తే పేరు మీద వేలు పెట్టి మొదటి అక్షరం నుంచి చివరి దాకా మెల్లగా జరుపుకుంటూ పోయారు. "ఎన్ని అక్షరాలురా?" అన్నారు. లెక్కపెట్టి చెప్పాను. మళ్ళీ మొదటి నుంచి జరిపారు.

నాన్న చైత్ర పున్నమికి పెడుతున్నారు. ఈసారి వంట చిన్న మామ్మ దగ్గరుండి చేయిస్తానన్నారు. ఆయనకి పనసపొట్టు కూర ఇష్టమట.

అమ్మ ఆ మెడల్‌ని మెత్తటి గుడ్డలో చుట్టి దేవుడి గూట్లోనే పెట్టింది.

కడప_రాళ్ళసీమ:
ఇది మొత్తం ఒకే రాత్రి చదివినా. మాది కడప పక్క పల్లె. మా అబ్బ అన్న కూడా పట్టాళానికి పోయి రాలేదంట. మా ఇంట్లో కూడా ఒక గుండ్రం మెడల్ ఉండాది, ఎవరిదో తెలీకుండా పెట్టెలో పడి ఉండాది. ఏం చేయాలన్నా?

పాతకాగితాలు:
తోమకండి. అంచు ఫోటో పెట్టండి.